జిరాక్సులు చాలవా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆదివారం మీ పేపర్లో క్లాసిఫైడ్స్ పేజీ చూస్తుంటే ఒక ప్రకటన కంటపడింది. "ఆకర్షణీయమైన జీతం, వెంటనే చేరగలవారికి ప్రాధాన్యం, ఒరిజినల్ సర్టిఫికెట్లతో రావలెను." జీతం ఎంతో లేదు, పనిగంటలు ఎన్నో లేదు, కంపెనీ పేరు కూడా సరిగ్గా లేదు, మన ఒరిజినల్స్ మాత్రం కావాలి. అది చదివాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను, కాస్త పొడుగైతే ఏమనుకోకండి.

మాది ఖమ్మం దగ్గర పల్లె. నేను హైదరాబాదులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తున్నాను, నాలుగేళ్లయింది, ఉండేది ఎస్.ఆర్.నగర్ హాస్టల్లో. ముందు మా తమ్ముడి సంగతి చెప్పాలి. వాడు బీటెక్ అయ్యాక ఏడాదికి పైగా తిరిగి తిరిగి 2023 అక్టోబరులో మాదాపూర్ సందుల్లో ఒక కంపెనీలో చేరాడు. చేరిన రోజే వంద రూపాయల స్టాంపు పేపర్ మీద రెండేళ్ల బాండ్, మధ్యలో మానేస్తే లక్షన్నర కట్టాలి, దానికి హామీగా టెన్త్ మెమో నుంచి డిగ్రీ దాకా ఒరిజినల్స్ అన్నీ వాళ్ల బీరువాలోకి. బాండ్ కాపీ అడిగితే "తర్వాత మెయిల్ చేస్తాం" అన్నారు, ఆ మెయిల్ ఇప్పటికీ రాలేదు. వాడు ఆ మాట ఇంట్లో చెప్పలేదు, ఉద్యోగం వచ్చిందని అమ్మ పాయసం వండి వీధంతా పంచింది.

2024 జూన్‌లో గ్రూప్-4 సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కి పిలుపొచ్చింది. నాంపల్లికి ఒరిజినల్స్‌తో వెళ్లాలి, జిరాక్సులు చూపిస్తే కుదరదు. హెచ్ఆర్ మేడమ్‌ని అడిగితే ఒక్క రోజు కోసం ఇవ్వడానికి కూడా ఒప్పుకోలేదు. "గవర్నమెంట్ జాబ్ వస్తే నువ్వు వెళ్లిపోతావుగా" అంది, అదీ నిజమేననుకోండి. నాన్న చీటీ పాడాడు. బేరమాడితే లక్షన్నర కాస్తా 80 వేలకు దిగింది, డబ్బు కంపెనీ అకౌంట్‌కి కాదు, ఎవరిదో ఫోన్‌పే నంబరుకి వేయమన్నారు, రసీదు అడిగితే నవ్వారు. ఆ ఉద్యోగం వాడికి చివరికి రాలేదు, అది వేరే సంగతి. చీటీ వాయిదాలు మాత్రం ఇంకా కడుతున్నాం.

ఈ గొడవలో నేను కొంచెం చట్టం కూడా చదివాను. బాండ్ అంటేనే చెల్లదని హాస్టల్లో అందరూ ధైర్యంగా చెబుతారు, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో మనిషిని తన వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందం చెల్లదనే 27వ సెక్షన్ ఉందిగా అంటారు. అది పూర్తిగా నిజం కాదు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు ఒక బాండ్‌ని సమర్థించింది, మూడేళ్లు పనిచేయకుండా మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు అది. అప్పట్నుంచి ప్రతి హెచ్ఆర్ నోటా ఆ తీర్పే. కానీ అది ప్రభుత్వరంగ బ్యాంకు సంగతి, అక్కడ మనిషి మానేస్తే మళ్లీ నోటిఫికేషన్ ఇచ్చి, పరీక్ష పెట్టి, అంతా బహిరంగంగా నడిపించాలి, దానికి ఖర్చవుతుందని కోర్టు చూసింది. మా తమ్ముడికి ఇచ్చిన ట్రైనింగ్ ఏమిటో తెలుసా, సీనియర్ పక్కన కుర్చీ వేసి రెండు వారాలు చూడమన్నారు. పైగా అదే చట్టంలో 74వ సెక్షన్ ప్రకారం బాండ్‌లో అంకె రాసుకున్నంత మాత్రాన మొత్తం వచ్చేయదు, న్యాయంగా ఎంత నష్టమైతే దాన్నిబట్టే. ఇక సర్టిఫికెట్లు తాకట్టు పెట్టుకోవచ్చని ఆ తీర్పులో ఎక్కడా లేదు. కాలేజీలు పిల్లల ఒరిజినల్స్ పట్టుకు కూర్చోకూడదని యూజీసీ ఎప్పుడో చెప్పింది, మరి కంపెనీలకి చెప్పేవాళ్లెవరు?

ఇప్పుడు నా సంగతి. నాలుగు నెలల్లో తొమ్మిది ఇంటర్వ్యూలకు వెళ్లాను. దాదాపు అందరిదీ మొదటి ప్రశ్న "నోటీస్ పీరియడ్ ఎంత?" మానేస్తామని చెప్పాక ఇంకా ఎన్నాళ్లు పనిచేయాలో అది. నాది 90 రోజులు. "అయ్యో, మాకు 15 రోజుల్లో జాయిన్ అయ్యేవాళ్లు కావాలి." సరే, మరి మీ దగ్గర నోటీస్ పీరియడ్ ఎంతండీ అని ఒకాయన్ని అడిగాను. 90 రోజులే! ఆయనకి ఇందులో తేడా ఏమీ కనపడలేదు. అందుకే మా హాస్టల్లో ఇద్దరు చేతిలో ఆఫర్ లేకుండానే రిజైన్ చేసి, నోటీస్‌లో ఉన్నామని చెప్పుకొని ఇంటర్వ్యూలకు తిరుగుతున్నారు. అరవయ్యో రోజు దాటాక ఆ పిల్లల మొహాలు చూడలేం, టెన్షన్‌తో అన్నం కూడా సరిగ్గా తినరు.

ఇంకో కంపెనీ వాళ్లు శుక్రవారం సాయంత్రం అసైన్‌మెంట్ పంపారు. వాళ్ల యాప్ డౌన్‌లోడ్ చేసుకుని, సోమవారం పొద్దున్నకల్లా దొరికిన బగ్‌లన్నీ ఎక్సెల్‌లో రాసి పంపాలి. రెండు రోజులు కూర్చుని 43 రాశాను, స్క్రీన్‌షాట్లతో సహా. జవాబు లేదు, ఫోన్ ఎత్తరు. మూడు వారాల తర్వాత యాప్ అప్‌డేట్ వచ్చింది, ఊరుకోలేక చూశాను, నేను రాసినవాటిలో పదకొండు సరిచేసి ఉన్నాయి. నాలాగా ఇంకెంతమందితో అలా ఊరికే పని చేయించుకున్నారో.

పెళ్లెప్పుడు అని అడగనివాళ్లు ఆ తొమ్మిదిమందిలో ముగ్గురే. ఒకరైతే "పెళ్లయ్యాక హైదరాబాదులోనే ఉంటారని రాసిస్తారా" అన్నారు, పెళ్లికొడుకే ఇంకా దొరకలేదు సార్ అన్నాను. నవ్వుకున్నాం గానీ వాళ్ల లెక్క నాకు తెలుసు, 26 వారాల ప్రసూతి సెలవు గురించి ఆ భయం. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడ, మగ తేడా చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టంలోనే ఉండేది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఉంది.

జీతం దగ్గరికొస్తే మూడు నెలల పేస్లిప్పులు, ఫారం-16, బ్యాంకు స్టేట్‌మెంట్ అన్నీ పెట్టాలి. నా పనికి ఎంత ఇవ్వాలో కాదు, ఇప్పుడెంత వస్తుందో చూసి దానిమీద ఇంత పర్సంటేజీ అంటారు. అంటే మొదటి ఉద్యోగంలో తక్కువకి ఒప్పుకున్నవాళ్లు ఎన్ని కంపెనీలు మారినా ఆ తక్కువ వాళ్ల వెంటే వస్తుంది. మా పిన్ని కూతురు కాలిఫోర్నియాలో ఉంటుంది, అక్కడ పాత జీతం అడగడమే 2018 నుంచి చట్టరీత్యా కుదరదట, నేను చెబితే నమ్మలేదు, బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా ఇచ్చావా అని తిట్టింది. అన్నీ చూసి నాకు ఒకరు ఆరు లక్షల సీటీసీ, అంటే నా మీద కంపెనీకి ఏడాదికయ్యే మొత్తం ఖర్చు, అన్నారు. అందులో 60 వేలు వేరియబుల్, అది వస్తే వచ్చినట్టు. కంపెనీ కట్టే పీఎఫ్, ఇన్సూరెన్స్, గ్రాట్యుటీ కూడా అందులోనే. నెలకి చేతికొచ్చేది 39 వేల చిల్లర. గ్రాట్యుటీ రావాలంటే మామూలుగా ఐదేళ్లు పనిచేయాలి కదండీ, వీళ్ల ప్రాజెక్టే రెండేళ్లదని వాళ్లే చెప్పారు. ఆ లెక్క కాగితం మీద రాసివ్వమంటే "ఆఫర్ యాక్సెప్ట్ చేశాక వస్తుంది" అన్నారు. నేను నా ఇంటి గుట్టంతా పీడీఎఫ్ చేసి పంపాక వాళ్లు ఒక్క కాగితం ఇవ్వడానికి ఇంత బాధ ఎందుకో!

తప్పు మావైపు కూడా ఉంది, దాచను. అమీర్‌పేటలో డబ్బు కడితే మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పుట్టించి ఇస్తారు, వీడియో ఇంటర్వ్యూలో వెనక ఒకరు జవాబులు చెబుతుంటే తెర మీద ఇంకొకరు పెదాలు కదిలిస్తారు. అందుకే ఇప్పుడు లాప్‌టాప్ ఎత్తి గదంతా చూపించమంటున్నారు, హాస్టల్ గదిలో ఆరిన బట్టలతో సహా చూపించాను. దొంగల్ని పట్టుకోవాలంటే పట్టుకోండి, పీఎఫ్ ఖాతాకుండే యూఏఎన్ నంబరుతో ఎక్కడ ఎన్నాళ్లు చేశామో తెలిసిపోతుంది, యూనివర్సిటీకి రాస్తే మార్కులు సరిచూసి చెబుతారు. దానికి మా టెన్త్ మెమో మీ బీరువాలో ఎందుకు?

2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాల్సిందేనని వాటిలో ఉంది. అది బాగుంది. అలాగే ఒరిజినల్స్ తీసుకోకూడదని, బాండ్ రాయించుకుంటే సంతకమైన రోజే కాపీ ఇవ్వాలని రెండు రాష్ట్రాల కార్మిక శాఖలు ఒక్క ఉత్తర్వు ఇస్తే మాలాంటి ఇళ్లలో చీటీలు మిగులుతాయి.

మీకు కూడా ఒక విన్నపం. ఉద్యోగ ప్రకటన తీసుకునేటప్పుడు జీతం ఎంత నుంచి ఎంత, బాండ్ ఉందా లేదా అని ఒక లైను రాయమని అడగండి, రాయనివాళ్ల దగ్గర కావాలంటే ఎక్కువ రేటు తీసుకోండి. "ఆకర్షణీయమైన జీతం" అన్న మాట వేస్తే మీ కాలమ్‌లో చోటు దండగ.

వచ్చే మంగళవారం గచ్చిబౌలిలో పదో ఇంటర్వ్యూ. ఒరిజినల్స్ తెమ్మని మెయిల్‌లో ఉంది. అవన్నీ శనివారమే ఖమ్మం బస్సెక్కి అమ్మకి ఇచ్చి వచ్చాను, జిరాక్సులు రెండు సెట్లు తీసి పెట్టుకున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఎస్.ఆర్.నగర్, హైదరాబాద్.