ఆదివారం కన్నీళ్లు సరిపోతాయా?

సంపాదకులకు నమస్కారం.

'క్రైస్తవులకేంటండీ, వారమంతా ఏం చేసినా ఆదివారం రెండు కన్నీళ్లు కారిస్తే పాపాలన్నీ మాఫీ' అనే మాట ఇక్కడ రాయగడలో తెలుగువాళ్ల మధ్య తరచూ వింటుంటాను. అనేవాళ్లను తప్పుపట్టలేను. సంతలో చింతపండు, అడవి సరుకు కొనేటప్పుడు కాటా మీద వేలు నొక్కే వ్యాపారుల్లో మా ప్రార్థనలకు వచ్చేవాళ్లూ ఉన్నారు.

కానీ బైబిల్ చెప్పే పశ్చాత్తాపం అంత చవకది కాదు. లూకా సువార్త 19వ అధ్యాయంలో పన్నులు వసూలు చేసే జక్కయ్య, ఆస్తిలో సగం పేదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని యేసు ముందు నిలబడి చెప్పాడు. సంఖ్యాకాండం 5వ అధ్యాయమైతే తప్పు ఒప్పుకుని, అసలుకు ఐదో వంతు కలిపి నష్టపోయినవాడికి ఇమ్మంటుంది. డబ్బు కట్టి క్షమాపణ కొనుక్కోవడం కాదిది. క్షమాపణ దేవుడు ఉచితంగా ఇచ్చేదే. కొనుక్కునే పద్ధతి మీదే కదా జర్మనీ మత సంస్కర్త మార్టిన్ లూథర్ 1517లో తిరగబడింది! విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపంగా ఉండాలన్నది ఆయన అప్పుడు రాసిన 95 ప్రతిపాదనల్లో మొదటిది. ఆయన బాట పట్టిన లూథరన్ చర్చిలు పాతుకుపోయిన కొరాపుట్, రాయగడ ప్రాంతంలో ఈ సంగతి కొత్తగా చెప్పాలా?

మా ప్రసంగాల్లో సారా, సినిమాలు పాపమని బోలెడుసార్లు వినిపిస్తుంది. దొంగ త్రాసు దేవుడికి అసహ్యమన్న సామెతల గ్రంథం 11:1 మాత్రం వినపడదు. సండే స్కూల్లో పిల్లలకు జక్కయ్య చెట్టెక్కడం దాకా చెప్పి ఆపేస్తున్నారు. పాస్టర్లు దయచేసి అతను నాలుగింతలు తిరిగిస్తానన్న ఎనిమిదో వచనం కూడా చెప్పించాలి.

– ఒక పాఠకుడు, రాయగడ, ఒడిశా