క్లచ్ స్విచ్ పోతే మార్చండి, డైరెక్ట్ చేయకండి

సంపాదకుల వారికి నమస్కారమండి.

పాతికేళ్ళ నుంచి లారీ తోలుతున్నాను, ఇప్పుడు తోలేది సొంత బండే, పది టైర్లది, ఇల్లు పటమటలో. పేపర్లో రోడ్డు ప్రమాదాల వార్తలు రోజూ చదువుతాం కానీ నిలబెట్టిన బండి ముందుకి దూకి మనిషి మీదికి వెళ్ళే సంగతి ఎవరూ రాయట్లేదు, అది నా బండితోనే జరగబోయింది కాబట్టి రాస్తున్నాను.

మొన్న మిర్చి సీజన్లో గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఎక్కించి పట్టా కట్టి తెల్లారుజామున బయల్దేరదామని కీ తిప్పితే సెల్ఫ్, అంటే ఇంజన్ని తిప్పి స్టార్ట్ చేసే మోటారు, తీసుకోలేదండి. లైట్లు ఫుల్లుగా వెలుగుతున్నాయి, హారన్ గట్టిగా మోగుతోంది, కీ తిప్పితే మాత్రం టక్కుమని చిన్న చప్పుడు కూడా లేదు. వెనకాల బండ్లవాళ్ళు తియ్యమని గోల, దగ్గర్లో ఉన్న ఎలక్ట్రీషియన్ని పిలిస్తే అతను వచ్చి క్లచ్ పెడలు పైన తల పెట్టి, అక్కడుండే క్లచ్ స్విచ్ నుంచి రెండు వైర్లు పీకి, స్విచ్‌తో పని లేకుండా ఒకదానికొకటి మెలిపెట్టి టేపు చుట్టేశాడు. సెల్ఫ్ కొట్టింది. "డైరెక్ట్ చేశానన్నా, ఇక నీకీ గొడవే ఉండదు" అని మూడొందలు తీసుకుని వెళ్ళిపోయాడు. నాకూ లోడు తొందర, సరేలే అనుకున్నా.

మూడు వారాలు తిరిగాను. తర్వాత గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో పప్పు బస్తాలు దించుతుంటే బండి నాలుగడుగులు ముందుకి జరిపి, మళ్ళీ జరపాలి కదా అని గేర్లోనే ఆపేసి హ్యాండ్‌బ్రేక్ వెయ్యకుండా దిగాను, అది నా తప్పే. మా క్లీనర్ కుర్రాడు ఫోన్ చార్జింగ్ పెట్టుకుందామని క్యాబిన్ ఎక్కి కీ ఆన్ చెయ్యబోయి ఒక పాయింటు ఎక్కువ తిప్పాడు. అంతే, బండి ఒక్క ఊపున ముందుకి దూకింది. బంపర్ ముందు ఒక హమాలీ కూర్చుని పట్టా తాడు చుట్టుకుంటున్నాడు, చప్పుడికి పక్కకి దొర్లాడు కాబట్టి మోకాలు చెక్కుకుపోవడంతో పోయింది. తాడు చుట్ట మాత్రం టైరు కింద ఉంది. ఆ తాడు చూశాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదండి.

ఆ క్లచ్ స్విచ్ పెట్టింది సరిగ్గా ఇలాంటిది జరక్కుండానే. మా బండిలో కీ నుంచి వచ్చే కరెంటు ఈ స్విచ్ దాటాకే రిలేకి, అంటే సెల్ఫ్‌కి కరెంటు వదిలే డబ్బీకి, వెళ్తుంది, రిలే నుంచి సెల్ఫ్ మోటారుకి. పెడలు పూర్తిగా తొక్కితేనే స్విచ్ కలుస్తుంది, కాలు తీస్తే తెగిపోతుంది, అంటే గేర్లో ఉన్నా క్లచ్ తొక్కకుండా ఎవరు కీ తిప్పినా సెల్ఫ్ తిరగదు. వైర్లు మెలిపెట్టేస్తే ఆ అడ్డం పోయినట్టే. గేర్లో ఉన్న లారీని సెల్ఫ్ మోటారే లాగేస్తుంది, ఇంజన్ అందుకుందంటే ఇక ఆగదు.

మర్నాడు ఆటోనగర్లో నాకు తెలిసిన మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చూసిన పద్ధతి రాస్తాను, ఎందుకంటే అరగంట కూడా పట్టలేదు. ముందు బ్యాటరీలు మీటరు పెట్టి చూశాడు, మాది 24 ఓల్టుల బండి, 12 ఓల్టులవి రెండు, మొత్తం 25 దాకా చూపించింది, టెర్మినల్స్ బిగువుగానే ఉన్నాయి, ఫ్యూజు బాగుంది. తర్వాత టేపు విప్పి వైర్లు విడదీసి మళ్ళీ స్విచ్‌కి కలిపి, న్యూట్రల్ చేసి హ్యాండ్‌బ్రేక్ వేసి, నన్ను క్లచ్ తొక్కి కీ తిప్పమని తను టెస్టర్ బల్బు పట్టుకున్నాడు. స్విచ్‌కి వచ్చే వైరు మీద బల్బు వెలిగింది, బయటికి వెళ్ళే వైరు మీద వెలగలేదు. "రెండో వైపు కూడా వెలిగుంటే రిలేనో సెల్ఫో చూడాలి, ఇక్కడే ఆగిపోయింది కాబట్టి ఇక్కడే చూద్దాం బాబాయ్" అన్నాడు.

ఆయన చేసిన తర్వాతి పని నాకు బాగా నచ్చింది. స్విచ్‌కి వైర్లు తగిలించే కప్లర్ ఊడదీసి, మీటరుని కరెంటు దారి కలిస్తే మోగే బీప్ మీద పెట్టి ముందు పెడలుతో కాకుండా వేలితో స్విచ్ బొడిపె నొక్కాడు. వేలితో నొక్కితే ప్రతిసారీ బీప్ వచ్చి పెడలుతో రాకపోతే స్విచ్ మంచిదే, పెడలుకి ఉండే ప్లాస్టిక్ బుష్ అరిగి బొడిపెకి అందట్లేదని అర్థం, అప్పుడు బుష్ మారిస్తే చాలు. మాకు వేలితో నొక్కినా నాలుగుసార్లలో ఒక్కసారే బీప్ వచ్చింది. లోపల కరెంటు కలిపే పాయింట్లు కాలిపోయాయన్న మాట.

కొత్త స్విచ్ ఆరొందల చిల్లర పడింది. అది కొనేటప్పుడు కూడా జాగ్రత్త, బ్రేక్ లైటు స్విచ్ చూడ్డానికి ఇలాగే ఉంటుంది, కానీ పనిచేసేది తిరగేసి, అంటే బొడిపె నొక్కితే తెగుతుంది, వదిలితే కలుస్తుంది, అందుకని పాత స్విచ్ పట్టుకెళ్ళి బండి మోడల్ చెప్పి తీసుకుని షాపులోనే నొక్కి మీటరుతో చూడాలి. మేస్త్రి బ్యాటరీ నెగటివ్ విప్పి, లాక్ నట్టు లూజు చేసి పాతది తీసి కొత్తది పెట్టి, పెడలు కిందికి ఆనడానికి కొంచెం ముందు కలిసేలా సర్ది బిగించాడు. మెలిపెట్టిన వైర్లు కత్తిరించి కొత్త కప్లర్ వేశాడు. చివర్లో న్యూట్రల్లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, పెడలు మీద కాలు లేకుండా కీ తిప్పాడు, సెల్ఫ్ కొట్టలేదు, తొక్కి తిప్పాడు, కొట్టింది.

నా సాటి డ్రైవర్లూ ఓనర్లూ ఈ చివరి పరీక్ష ఇవాళే చెయ్యండి, న్యూట్రలూ హ్యాండ్‌బ్రేకూ మర్చిపోకుండా. క్లచ్ తొక్కకుండానే సెల్ఫ్ తిరిగితే, పాత బండైతే కంపెనీ నుంచే ఆ స్విచ్ లేకపోయుండొచ్చు, పాత మోడళ్ళు చాలావాటికి లేదు, కానీ ఉండాల్సిన బండికి తిరిగితే ఎవరో డైరెక్ట్ చేసినట్టే, సెకండ్‌హ్యాండ్ బండి కొన్నవాళ్ళకైతే ఆ సంగతి తెలిసే దారే లేదు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లలో అయితే క్లచ్ తొక్కారా లేదా అనేది ఇంజన్ కంప్యూటరుకి కూడా తెలియాలి, అక్కడ వైర్లు మెలిపెడితే కంప్యూటరుకి తప్పు సంగతి వెళ్ళి లేనిపోని తంటాలు కూడా రావొచ్చు.

మెకానిక్ అన్నలకి ఒక మాట. దారిలో బండి ఆగిపోతే ఇంటికి చేరడానికి డైరెక్ట్ చెయ్యాల్సొస్తుంది, నేను కాదనను. కానీ చేసినప్పుడు స్టీరింగుకి ఒక చీటీ కట్టండి, ఓనరుకి నోటితో కూడా చెప్పండి, షెడ్డుకి రాగానే కొత్తది వేయించమనండి. "ఇక గొడవ ఉండదు" అని మాత్రం పంపించకండి.

రవాణా శాఖ అధికారులకి మనవి ఏంటంటే, ఎనిమిదేళ్ళు దాటిన లారీకి ఏడాదికోసారి ఫిట్‌నెస్ చేయిస్తున్నాం, బ్రేకులు చూస్తారు, లైట్లు చూస్తారు, పొగ చూస్తారు. కంపెనీ నుంచి ఈ స్విచ్ ఉన్న బండికి క్లచ్ తొక్కకుండా ఒక్కసారి కీ తిప్పి చూడమని అడుగుతున్నాను. యార్డులో, మార్కెట్లో, గోడౌన్ల దగ్గర బండి ముందే కూర్చుని అన్నం తినే హమాలీలు ఉంటారండి, ఎండ వేళ నీడ కోసం బండి కిందే పడుకునేవాళ్ళూ ఉంటారు, వాళ్ళకి బండి గేర్లో ఉందో లేదో ఎలా తెలుస్తుంది.

ఇట్లు,
ఒక లారీ ఓనరు కమ్ డ్రైవరు,
పటమట, విజయవాడ