దుకాణానికి సీలు వేసిన రోజే వైద్యం కూడా మొదలుకావాలి

సంపాదకులకు నమస్కారం.

కల్తీ కల్లు దుకాణాలపై దాడులు చేశారని, అందులో కలిపే అల్ప్రాజోలం అనే మత్తుమందు పట్టుబడిందని, లైసెన్సులు రద్దయ్యాయని తరచూ చదువుతున్నాం. ఆ పని జరగాల్సిందే. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. కొందరు కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా వెళ్లారు. అదే ఏడాది ఏప్రిల్‌లో మా కామారెడ్డి జిల్లాలోనూ పదుల సంఖ్యలో జనం ఆస్పత్రుల్లో చేరారు. అమ్మేవాళ్లపై ఎంత కఠినంగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు. కానీ దుకాణం మూతపడ్డాక, ఏళ్ల తరబడి ఆ కల్లు తాగితేగానీ నిద్రపట్టని మనిషి ఏమవుతున్నాడో ఎవరూ పట్టించుకోవడం లేదు.

మా దిక్కు కల్లు తాగేది మగవాళ్లే కాదు. పొద్దంతా బీడీలు చుట్టి నడుం పట్టేసిన ఆడవాళ్లు, నాట్లేసి వచ్చిన కూలీలు పొద్దుగూకాక ఒక సీసా తాగి పడుకుంటారు. తాము తాగేది చెట్టు కల్లే అనుకుంటారు. తాటి, ఈత చెట్లు ఇచ్చే కల్లుకూ రోజూ అమ్ముడయ్యే సీసాలకూ పొంతన లేని చోట ఆ లోటును నీళ్లు, శాకరిన్, మత్తుమందులతో పూడుస్తున్నారు. ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, డైజీపాం కలిపేవారు, ఇప్పుడు ఎక్కువగా అల్ప్రాజోలం. విపరీతమైన టెన్షన్‌తో బాధపడేవారికి డాక్టర్లు పావు, అర మిల్లీగ్రాముతో మొదలుపెట్టి జాగ్రత్తగా ఇచ్చే మందు అది. సీసాలో ఎంత కలిసిందో తాగేవాళ్లకు తెలియదు.

మెదడు జోరును తగ్గించే 'గాబా' అనే రసాయనం మన తలలోనే ఉంటుంది. అల్ప్రాజోలం దాని పనిని పెంచుతుంది. రోజూ బయటి నుంచి ఆ సాయం అందుతుంటే మెదడు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. అందుకే మొదట్లో ఒక సీసాకే పట్టిన నిద్ర కొన్నాళ్లకు రెండు తాగితేగానీ పట్టదు. ఆ మందు ఒక్కసారిగా ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లోనే చేతులు వణకడం, చెమటలు, నిద్ర లేకపోవడం, లేనివి కనిపించడం మొదలవుతాయి. ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. ఇంట్లోవాళ్లేమో పిచ్చి లేచిందనో గాలి సోకిందనో అనుకుని తాయెత్తు కట్టిస్తారు. ఆ రెండు మూడు రోజులే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన రోజులు.

ఇదంతా ప్రభుత్వానికి కొత్త కాదు. 2015లో దాడులు ముమ్మరమైనప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మందు కల్లు దొరకక జనం వింతగా ప్రవర్తించడం, ప్రాణాలు పోవడం చూశాం. 2020 లాక్‌డౌన్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటివారే పెద్ద సంఖ్యలో వచ్చారు. అయినా ఎక్సైజ్ వాళ్ల పని ఎక్సైజ్ వాళ్లది, వైద్య శాఖ పని వైద్య శాఖది అన్నట్టే నడుస్తోంది.

దాడి సంగతి ముందే బయటికి పొక్కకూడదు, నిజమే. కానీ దుకాణానికి సీలు వేసిన గంటలోపు జిల్లా వైద్యాధికారికి కబురు వెళ్లడానికి ఏం అడ్డం? ఆ రోజు నుంచే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టర్, అవసరమైన మందులు ఉండాలి. ఇలాంటి అలవాటును ఒక్కసారిగా మాన్పించరు. డాక్టర్ చూస్తుండగా మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ వారాల పాటు నడిపిస్తారు. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి ఎవరికి వణుకు మొదలైందో చూడాలి. శాంపిల్స్‌లో ఏ మందు బయటపడిందో ఆ రిపోర్టు ఆస్పత్రికీ చేరాలి, అది తెలిస్తే డాక్టర్‌కు వైద్యం తేలికవుతుంది. మానసిక ఇబ్బందులకు ఫోన్‌లోనే సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416 పంచాయతీ గోడల మీద పెద్ద అక్షరాలతో రాయించాలి.

వచ్చినవాళ్లను తాగుబోతులని కసురుకోకుండా చూసే బాధ్యత కలెక్టర్ గారు తీసుకోవాలని కోరుతున్నాను.

– రిటైర్డ్ ఆరోగ్య కార్యకర్త, కామారెడ్డి జిల్లా