టార్నీట్ లైనుకు కరెంటు రైలు ఎప్పుడు? విక్టోరియా రవాణా మంత్రి గారికి బహిరంగ లేఖ

విక్టోరియా రాష్ట్ర ప్రజా రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో ఉంటాను. 2018 ఎన్నికల ముందు మీ ప్రభుత్వం పడమటి రైలు ప్రణాళికను ప్రకటించింది. మెల్టన్‌కూ విండమ్ వేల్‌కూ కరెంటు రైళ్లు నడుపుతామనీ, జీలాంగ్, బల్లారట్ వెళ్లే దూరపు బండ్ల నుంచి మా బండ్లను విడదీస్తామనీ మాటిచ్చింది. ఆ మాట నమ్మి టార్నీట్‌లో, ట్రుగనీనాలో, విండమ్ వేల్‌లో స్థలాలు కొని ఇళ్లు కట్టుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. తర్వాత 2022లో ఒక ఎన్నిక జరిగిపోయింది. 2026 నవంబరులో ఇంకొకటి. మా స్టేషన్‌లో ఆగేది మాత్రం ఇప్పటికీ డీజిల్ బండే. అందుకే ఈ లేఖ. విండమ్ వేల్ దాకా కరెంటు తీగ ఏ సంవత్సరంలో పడుతుందో చెప్పండి. నేను అడిగేది ఆ తేదీ.

దీన్ని తెలుగులో రాస్తున్నాను, ఎందుకంటే ఈ విషయం మా ఇళ్లలో, గుడి దగ్గర, పిల్లల పుట్టినరోజుల్లో మేం మాట్లాడుకునేది తెలుగులోనే. ఇంగ్లీషు ప్రతి మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. 2016 జనాభా లెక్కల్లో ఆస్ట్రేలియా మొత్తం మీద ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు సుమారు 34 వేలు. 2021కి 59 వేలు దాటారు. మెల్‌బోర్న్‌కు వచ్చిన తెలుగువాళ్లలో చాలామంది పడమటి శివార్లలోనే స్థిరపడ్డారు. కారణం దాచాల్సిందేం కాదు: మా జీతాలకు అందిన ఇల్లు ఇక్కడే దొరికింది. పంజాబీలు, గుజరాతీలు, మలయాళీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు, ఆఫ్రికా దేశాల వాళ్లు, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు, అందరిదీ అదే లెక్క. మా ప్రాంతపు విండమ్ కౌన్సిల్ పరిధిలో 2011లో 1,61,575 మంది ఉండేవారు. 2021 నాటికి 2,92,011 మంది అయ్యారు. పదేళ్లలో లక్షా ముప్పై వేల మంది! ఆ స్థలాలకు, ఆ లేఅవుట్లకు అనుమతులిచ్చింది ప్రభుత్వాలే కాబట్టి ఈ పెరుగుదల ఎవరికీ తెలియకుండా జరిగింది కాదు.

ఈ లైను పుట్టుక గురించి మా వాళ్లలో చాలామందికి తెలియదు, అందుకని కొంచెం వివరంగా చెబుతాను. 2015 జూన్‌లో రీజినల్ రైల్ లింక్ తెరిచారు. అంతకుముందు జీలాంగ్ బండ్లు వెర్రిబీ లైను మీదుగా, మెట్రో రైళ్ల వెనకాల ఆగుతూ ఆగుతూ నగరంలోకి వచ్చేవి. వాటికి వేరే దారి ఇవ్వడానికి వెర్రిబీ పడమటి నుంచి విండమ్ వేల్, టార్నీట్ మీదుగా డీర్ పార్క్ దాకా కొత్త పట్టాలు వేశారు. సన్‌షైన్ నుంచి సదర్న్ క్రాస్ దాకా దూరపు బండ్లకు ప్రత్యేక పట్టాలు వచ్చాయి. మంచి పని, అవసరమైన పని. కానీ అది జీలాంగ్, బల్లారట్, బెండిగో ప్రయాణికుల కష్టం తీర్చడానికి వేసిన దారి. మధ్యలో రెండు స్టేషన్లు మాకు దక్కాయి. ఇంత జనం వచ్చి చేరాక కూడా మేం ఆ దూరపు బండ్లలో మిగిలిన చోటులోనే సర్దుకుంటున్నాం. రాజధాని నగరపు శివారు ప్రాంతానికి జిల్లాల బండే దిక్కయింది.

జిల్లాల బండ్లు నడిపే వీ/లైన్ సంస్థ స్టేషన్లలో సదర్న్ క్రాస్ తర్వాత ఎక్కువ రద్దీ ఉన్నది టార్నీట్‌లోనేనని పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చింది. వీలొసిటీ అనే ఆ సంస్థ మూడు పెట్టెల డీజిల్ బండిలో 222 సీట్లుంటాయి. రెండు బండ్లు కలిపి ఆరు పెట్టెలు చేస్తే 444. గంట పైగా కూర్చుని వెళ్లేవాళ్ల కోసం తయారైన బండి అది. సీట్ల వరసలు ఎక్కువ, నిలబడేవాళ్లకు చోటు తక్కువ. పొద్దున పూట జీలాంగ్‌లోనే సగం నిండి వస్తుంది, విండమ్ వేల్‌లో మిగతా సగం నిండుతుంది. టార్నీట్‌లో ఎక్కేవాళ్లు తలుపు దగ్గర, మరుగుదొడ్డి ముందు నిలబడి వెళ్తారు. 2023 మార్చిలో మీరు జిల్లాల టికెట్ ధరకు నగరపు ధరనే పరిమితిగా పెట్టారు. జీలాంగ్ నుంచి వచ్చేవాళ్లకు రోజంతా 9.20 డాలర్లే అయింది. ఆ నిర్ణయాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అయితే ధర తగ్గితే జనం పెరుగుతారు, ఆ జనం ఎక్కాక వచ్చే స్టేషన్ మాది. 2026 జనవరి 1 నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ప్రయాణం ఉచితం చేశారు. అదీ మంచిదే. వాళ్లు కూడా ఎక్కేది ఈ బండిలోకే కదా.

డీజిల్ బండ్లే ఇంకొన్ని ఎక్కువ నడపొచ్చు కదా అని కొందరంటారు. కొంతవరకు నడపొచ్చు, దాని గురించి కింద రాస్తాను. కానీ అసలు ఇబ్బంది పట్టాల్లో ఉంది. సన్‌షైన్ దగ్గరికి వచ్చేసరికి జీలాంగ్, బల్లారట్, బెండిగో మూడు వైపుల బండ్లూ ఒకే జత పట్టాల మీదికి చేరతాయి. మెల్టన్ వాళ్లూ మేమూ అందులోనే. మా కోసం ఒక బండి పెంచితే ఇంకెవరి బండో ఆగాలి. మా ప్రాంతంలో కొత్త స్టేషన్ కట్టిన ప్రతిసారీ జీలాంగ్ ప్రయాణికుడికి ఇంకో రెండు నిమిషాలు ఆలస్యం. టార్నీట్ వెస్ట్ స్టేషన్ కావాలని మేమే అడిగాం, దానికి కృతజ్ఞులం. కానీ అది కూడా ఇవే పట్టాల మీద, ఇవే బండ్ల కోసం. ఆగి ఆగి నడిచే శివారు రైలును, వేగంగా పోవాల్సిన దూరపు రైలును ఒకే దారిలో పెడితే ఇద్దరికీ నష్టమేనని 2018లో మీ ప్రణాళికే ఒప్పుకుంది. ఆ రోజు నిజమైన కారణం ఇవాళ అబద్ధం కాలేదు.

సన్‌షైన్ స్టేషన్‌ను కొత్తగా కట్టడానికి రాష్ట్రం, కేంద్రం కలిసి 400 కోట్ల డాలర్లకు పైగా పెడుతున్నాయి. విమానాశ్రయ రైలుకు అదే తొలి మెట్టు అనీ, మెల్టన్ విద్యుదీకరణకు కూడా అదే దారి తీస్తుందనీ ప్రభుత్వ ప్రకటనల్లో చదివాను. సంతోషించాను. కానీ విండమ్ వేల్ పేరు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. తూర్పున చెల్టెన్‌హామ్ నుంచి బాక్స్ హిల్ దాకా సబర్బన్ రైల్ లూప్ తొలి భాగం వేస్తున్నారు. 26 కిలోమీటర్లు, ఆరు స్టేషన్లు, 3,450 కోట్ల డాలర్ల అంచనా, 2035కి బండి నడుస్తుందని తేదీతో సహా చెప్పారు. విమానాశ్రయానికి 2033 అన్నారు. భూమి కింద 26 కిలోమీటర్లు తవ్వే పనికి తేదీ చెప్పగలిగినప్పుడు, భూమి మీద ఇప్పటికే దారి ఉన్న లైనుకు తేదీ చెప్పడం ఎందుకు కుదరదు? తూర్పు వాళ్ల మీద నాకు అసూయ లేదు, మా బంధువులు అక్కడా ఉన్నారు. వరస తప్పిందన్నదే నా అభిప్రాయం. అక్కడ ఇప్పటికే కరెంటు రైళ్లు, ట్రాములు, తరచుగా వచ్చే బస్సులు ఉన్నాయి. ఇక్కడ ఒక్క లైను తప్పిపోతే కారే గతి.

కారు గురించి కూడా చెప్పాలి. మా వైపు ఇంటికి రెండు కార్లు ఉండటం దర్జా కోసం కాదు. డెరిమట్ రోడ్డు, లీక్స్ రోడ్డు పొద్దున ఎలా ఉంటాయో మీ శాఖ దగ్గర లెక్కలుంటాయి. స్టేషన్ పార్కింగ్ పెందరాళే నిండిపోతుంది కాబట్టి చాలామంది వెర్రిబీ లైనులో ఉన్న విలియమ్స్ ల్యాండింగ్ దాకా కారులో పోయి అక్కడ మెట్రో ఎక్కుతారు. అంటే ఇంటి పక్కన స్టేషన్ పెట్టుకుని ఇంకో ఊరి స్టేషన్‌కు ట్రాఫిక్ మోసుకెళ్తున్నాం. 2025 డిసెంబరులో వెస్ట్ గేట్ రోడ్డు సొరంగం తెరిచారు. దానికి టోలు ఉంది. వడ్డీలు, పెట్రోలు, పిల్లల డేకేర్ ఖర్చు కట్టుకుంటున్న కుటుంబానికి ఇంకొక బిల్లు.

కారు నడపలేనివాళ్ల సంగతి మరీ కష్టం. ఈ లేఖలో నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది వాళ్ల గురించే. గుంటూరు నుంచి, కరీంనగర్ నుంచి, విజయనగరం నుంచి మా అమ్మానాన్నలు మనవల కోసం నెలల తరబడి ఇక్కడికి వచ్చి ఉంటారు. ఊళ్లో పొద్దున్నే కూరగాయలకు, గుడికి, చుట్టాల ఇంటికి ఎవరినీ అడగకుండా వెళ్లొచ్చే మనుషులు వాళ్లు. ఇక్కడ కొడుకో కోడలో ఆఫీసు నుంచి వచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చోవాలి. నాలుగు వీధుల అవతల ఉన్న చిన్ననాటి స్నేహితురాలిని చూడాలన్నా శనివారం దాకా ఆగాలి. బస్సు ఉన్నచోట కూడా అది రైలుకు అందదు, లేదా రైలు దిగేసరికి వెళ్లిపోయి ఉంటుంది. తర్వాతి బస్సు దాకా చలిగాలిలో నిలబడటం డెబ్బై ఏళ్ల మనిషికి ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. రెండుసార్లు అలా నిలబడ్డాక వాళ్లు ఇక బయటికి వెళ్తామని అడగరు. "మాకేం పనిలేరా, ఇంట్లోనే బాగుంది" అంటారు. బాగుండి అనే మాట కాదని ప్రతి ఇంట్లోనూ తెలుసు.

చదువుకునే పిల్లల కష్టం ఇంకో రకం. అద్దె తక్కువని నలుగురైదుగురు కలిసి టార్నీట్‌లో ఇల్లు తీసుకుంటారు. జీలాంగ్ వైపు వాన్ పాండ్స్‌లో చదివేవాళ్లకు ఈ లైను నిజంగా వరమే, నేరుగా వెళ్లిపోతారు. నగరానికి అవతలి వైపున్న క్లేటన్‌కో హాథార్న్‌కో వెళ్లేవాళ్లకు రోజులో సగం దారిలోనే గడుస్తుంది. వీళ్లలో చాలామంది ట్రుగనీనా, లావర్టన్ నార్త్ గోదాముల్లో పొద్దున ఆరింటి షిఫ్టుకో, అర్ధరాత్రి ముగిసే షిఫ్టుకో పనిచేస్తారు. మెల్‌బోర్న్‌లో సగం ఇళ్లకు చేరే సామాను ఆ గోదాముల్లోంచే కదులుతుంది, కానీ ఆ వేళకు అక్కడికి పోయే బస్సు దొరకదు. గంట జీతం టాక్సీకి పోతుంది. వారాంతాల్లో రాత్రంతా నడిచే రైళ్లు 2016 నుంచి మెట్రో లైన్లకు ఉన్నాయి. మాది మెట్రో లైను కాదు కాబట్టి మాకు లేవు. రాత్రి వంటగదుల్లో, ఆసుపత్రుల్లో పనిచేసి వచ్చే ఆడపిల్లలు ఒంటరిగా ఇంటికి ఎలా చేరుతున్నారో ఒక్కసారి ఆలోచించండి.

ఆసుపత్రి అంటే గుర్తొచ్చింది. 2025 నవంబరు 30న మెట్రో టన్నెల్ తెరిచాక పార్క్‌విల్‌కు రైలు వచ్చింది. రాయల్ మెల్‌బోర్న్, రాయల్ విమెన్స్, పీటర్ మాక్ ఆసుపత్రులన్నీ అక్కడే. మా వైపు నర్సులు, మందులు ఇచ్చేవాళ్లు, శుభ్రం చేసేవాళ్లు ఎందరో అక్కడ పనిచేస్తారు. సన్‌షైన్‌లోనో ఫుట్స్‌క్రేలోనో దిగి సన్‌బరీ లైను బండి పట్టుకుంటే నేరుగా చేరొచ్చు. ఇంత మంచి సదుపాయం తొలి అంకంలోనే చిక్కుతోంది: టార్నీట్‌లో బండి ఎక్కగలిగితేనే సన్‌షైన్‌లో దిగేది.

తీగ వేయడానికి ఏళ్లు పడుతుందని నాకు తెలుసు. ఈలోగా చేయగలిగినవి ఉన్నాయి. పొద్దున్నా సాయంత్రమూ రద్దీ వేళల్లో విండమ్ వేల్‌లోనే బయలుదేరే ఖాళీ బండ్లు ఇంకొన్ని కావాలి, అప్పుడు జీలాంగ్ వాళ్లకూ ఊపిరాడుతుంది. మెల్టన్ లైనులో తొమ్మిది పెట్టెల బండ్ల కోసం ప్లాట్‌ఫారాలు పొడిగించే పని చేపట్టారు. మా లైనులో అలాంటివి రోజుకు ఎన్ని నడుపుతారో చెప్పండి. బస్సుల సంగతి అన్నిటికన్నా తేలిక, ఖర్చూ తక్కువ: బండి వచ్చిన ఐదు నిమిషాల తర్వాత బస్సు కదిలేలా వేళలు మార్చడం, గోదాముల షిఫ్టులకు అందేలా తెల్లవారుజామున మొదలుపెట్టడం. వీటిలో ఏదీ విద్యుదీకరణకు బదులు కాదు. "బస్సులు పెంచాం కదా" అని తీగ సంగతి ఇంకో ఎన్నికకు వాయిదా వేయొద్దని ముందే విన్నవిస్తున్నాను.

ప్లాట్‌ఫారం మీద పనిచేసే సిబ్బంది మీద మాకు ఫిర్యాదు లేదు. నిండిన బండిలోకి ఇంకొందరిని సర్ది, ముసలివాళ్లకు సీటిప్పించి, చిరాకు పడేవాళ్లకు ఓపికగా సమాధానం చెప్పేది వాళ్లే. వాళ్ల చేతిలో లేని దానికి రోజూ వాళ్లు మాట పడుతున్నారు.

మంత్రి గారూ, నాకు మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు కావాలి. విండమ్ వేల్ విద్యుదీకరణ ఇప్పటికీ మీ ప్రభుత్వ విధానమేనా? అయితే పని ఏ సంవత్సరంలో మొదలై ఏ సంవత్సరంలో ముగుస్తుంది? దానికి డబ్బు ఏ బడ్జెట్‌లో పెడతారు? విధానం మారి ఉంటే మారిందనే చెప్పండి. ఇల్లు కొనాలా, పిల్లలను ఏ బడిలో వేయాలి, ఉద్యోగం మారాలా అని నిర్ణయించుకోవాల్సిన కుటుంబాలకు ఆ జవాబు కూడా పనికొస్తుంది. ఇవే ప్రశ్నలు ప్రతిపక్షానికీ, గ్రీన్స్ పార్టీకీ, మా వైపు నిలబడే స్వతంత్ర అభ్యర్థులకూ పంపుతున్నాను. మీ జవాబు అక్టోబరు లోపు అందితే, ఉన్నది ఉన్నట్టు తెలుగులో పెట్టి, మిగతా వాళ్ల జవాబుల పక్కనే మా వాళ్లందరికీ చేరుస్తాను. ఓటు వేసే ముందు చదువుకుంటారు.

భవదీయుడు,
టార్నీట్ నివాసి, మీ రైలు ప్రయాణికుడు