క్లచ్చి వాసన

కవెంట్రీ
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

నువ్వడిగింది ఒక్క ముక్క. "పోలోకి రీమ్యాప్ చేయించనా, చేయిస్తే ఎలాంటిది చేయించను?" అంటే ఇంజన్ కంప్యూటర్లో అంకెలు మార్పించి బండి బలం పెంచుకోవడం. వాట్సాప్‌లో రెండు లైన్లు కొట్టి పడేయొచ్చు. కానీ నేను ఈ యవ్వారంలో తిన్న దెబ్బ చెప్పకుండా సలహా ఇస్తే నువ్వు వినే రకం కాదు. అందుకని ఉత్తరం. టీ పెట్టుకుని కూర్చో.

నా బండి నీకు తెలుసుగా, ఏడో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ, మాన్యువల్ గేర్లది. రెండు లీటర్ల టర్బో పెట్రోలు ఇంజన్, ఈఏ888 అంటారు. కంపెనీ ఇచ్చింది 220 హార్స్‌పవర్, 350 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. పిల్లని బడిలో దింపడానికి, శనివారం లెస్టర్ వెళ్ళి బెండకాయలు, గోంగూర తెచ్చుకోవడానికి అది చాలదా అంటే చాలు. మీ చెల్లెమ్మ కూడా సరిగ్గా అదే అంది. నేనేమో ఇదే బండిలో 230 ఇచ్చే పర్ఫార్మెన్స్ రకం ఉందని, టర్బో కూడా ఇదేనని, పెద్ద బ్రేకులు, డిఫరెన్షియల్ పక్కన పెడితే ఆ పది గుర్రాలూ కంప్యూటర్లోంచి వచ్చినవేనని చెప్పా. "అయితే ఆ పదీ నీకెందుకు?" అంది. జవాబు లేదు.

రీమ్యాప్ అంటే ఇంజన్ విప్పేదేమీ ఉండదని నీకూ తెలుసు. ఈసీయూలో, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్లో, ఉండేవన్నీ పట్టికలేరా, మనం చిన్నప్పుడు బట్టీ పట్టిన ఎక్కాల లాంటివి. ఇంత ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర, ఇంత గాలి లోపలికొస్తే, స్పార్క్ ఎన్ని డిగ్రీలు ముందు పడాలి, టర్బో ఎంత బూస్ట్ ఇవ్వాలి, అంటే గాలిని ఎంత నొక్కి లోపలికి తోయాలి, పెట్రోలు ఎంత పోయాలి. కంపెనీవాడు ఆ అంకెల్ని బాగా వెనక్కి లాగి రాస్తాడు. ఎందుకంటే అదే బండి ఎడారి ఎండలోనూ తిరగాలి, నాసిరకం పెట్రోలూ తాగాలి, రెండేళ్ళు సర్వీసు చేయించని మహానుభావుడి చేతిలోనూ బతకాలి. ఆ మిగులులో కొంత మనం వాడుకోవడమే రీమ్యాప్. టర్బో లేని బండిలో ఆ మిగులు పెద్దగా ఉండదు. టర్బో ఉంటే బూస్ట్ పెంచగానే గాలి పెరుగుతుంది కాబట్టి నా బండి లాంటిది ఇంకే సామానూ మార్చకుండానే, అంటే వీళ్ళు స్టేజ్ 1 అనేదానితోనే, 300 దరిదాపుల్లోకి పోతుంది.

ఇక్కడే నేను బోల్తా పడ్డా. ఒకడు 290 ఇస్తానంటాడు, పక్కవాడు 305, ఇంకొకడు 315. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు. నేను వెళ్ళి పెద్ద అంకె చెప్పినవాడి దగ్గర పడ్డా. వాడి పేరు ఎందుకులే. బండి కంప్యూటర్‌తో మాట్లాడే ఓబీడీ పోర్టుకి లాప్‌టాప్ తగిలించి, సిద్ధంగా ఉన్న ఫైలు ఎక్కించేసి, గంటలోపు పంపించాడు. ఏ పెట్రోలు పోస్తావని అడగలేదు, క్లచ్చి ఎన్ని మైళ్ళు తిరిగిందని అడగలేదు. ఇంటికొచ్చేదాకా నా మొహాన నవ్వు ఆగలేదనుకో, అది వేరే సంగతి.

మూడు వారాలకి లండన్ బయల్దేరాం. ఎం40 మీద స్టోకెన్‌చర్చ్ దగ్గర సున్నపురాయి కొండని నిలువునా కోసి రోడ్డేశారు, అక్కడ చాలాసేపు ఎత్తు ఎక్కాలి. అయిదో గేర్లో కాస్త గట్టిగా తొక్కా. ఆర్‌పీఎం ముల్లు ఠక్కున లేచింది, బండి మాత్రం లేవలేదు. రెండు క్షణాల్లో లోపలికి వాసన. కాలిన గోనెసంచి వాసనలా ఉంటుంది, ఒకసారి పీల్చావంటే జన్మలో మర్చిపోవు. వెనక సీట్లోంచి పాప "నాన్నా, ఎవరో ఏదో మాడబెట్టారు" అంది.

అసలు తప్పెక్కడంటే, నేను హార్స్‌పవర్ చూశా, టార్క్ చూడలేదు. టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి సుమారు 7,024తో భాగిస్తే హార్స్‌పవర్. అంటే 300 గుర్రాలు రెండు రకాలుగా రావచ్చు. 5,000 దగ్గర తెచ్చుకోవాలంటే 421 న్యూటన్ మీటర్లు కావాలి. 6,000 దగ్గరైతే 351 చాలు. కాగితం మీద రెండూ 300 అనే రాస్తారు. కానీ క్లచ్చికి హార్స్‌పవర్ అంటే ఏంటో తెలియదు, దానికి తెలిసింది టార్క్ ఒక్కటే. వీడు నా బండికి 2,500 దగ్గరే 440 పైన కుమ్మరించాడు. తొక్కగానే వీపు సీటుకి అంటుకుంటుంది, కొత్తగా ఎక్కినవాడు "అబ్బా" అంటాడు, వాడి వ్యాపారం సాగుతుంది. 5,500 దాటాక ఏమీ లేదు. జీటీఐలో ఉండే టర్బో చిన్నది, ఐహెచ్ఐ వాళ్ళ ఐఎస్20. త్వరగా తిరుగుతుంది, పైకెళ్ళేసరికి ఆయాసపడుతుంది. దాన్ని ఎంత పిండినా పైన వచ్చేది వేడి గాలే.

క్లచ్చి, అది ఆనుకునే బరువైన చక్రం డ్యుయల్ మాస్ ఫ్లైవీల్ కలిపి మార్చేసరికి వెయ్యి పౌండ్లు దాటింది. మీ చెల్లెమ్మ ఏమీ అనలేదు. అదే భయం.

రెండోసారి ఒక ముసలాయన దగ్గరికెళ్ళా. ఒకటే షెడ్డు, ఒకటే రోలింగ్ రోడ్డు, అంటే బండిని నిలబెట్టి చక్రాలు తిప్పి బలం కొలిచే రోలర్లు. అంకె చెప్పమంటే చెప్పలేదు, ముందు నన్ను లాగ్, అంటే బండి నడుస్తుండగా రాసుకున్న అంకెల పట్టీ, తెమ్మన్నాడు. మూడో గేర్లో 2,000 నుంచి 6,500 దాకా ఒకే తొక్కుడు తొక్కి, అడిగిన బూస్ట్ ఎంత, వచ్చిన బూస్ట్ ఎంత, లోపలికొచ్చే గాలి వేడి ఎంత, ఒక్కో సిలిండర్లో స్పార్క్ ఎన్ని డిగ్రీలు వెనక్కి లాగుతోందో రాసుకోవాలి. నా పాత ఫైల్లో మూడో సిలిండర్ అయిదు డిగ్రీలు వెనక్కి లాగుతోంది. అంటే లోపల నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి దానంతటదే పేలడం) మొదలై, ఈసీయూ బాబోయ్ అని తగ్గించుకుంటోందన్నమాట. డబ్బిచ్చి రాయించిన అంకెల్ని బండే చెరిపేసుకుంటోంది! తెనాలిలో మీ నాన్నగారి అంబాసిడర్‌కి సాయిబుగారు స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించుకుని, రెండో కొస ఇంజన్ మీద పెట్టి వినేవారు, గుర్తుందా? ఈయనా అంతే, కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి ఆ గ్రాఫు వంక అలాగే చూశాడు. తర్వాత "ఏ పెట్రోలు?" అన్నాడు.

ఇక్కడ 2021 సెప్టెంబరు నుంచి మామూలు 95 ఆక్టేన్ (ఈ అంకె ఎంత పెద్దదైతే నాకింగ్ అంత తక్కువ) అంతా ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిపింది, అయిపోయింది. 97, 99 ఆక్టేన్ సూపర్ మాత్రమే ఈ5, అంటే అయిదు శాతం దాకా. నేను ఒకవారం ఇది, ఒకవారం అది పోస్తుండేవాణ్ణి. ఆయన 99 తప్ప పోయనని మాట తీసుకున్నాకే పని మొదలెట్టాడు. 3,000 లోపు టార్క్ నెమ్మదిగా ఎక్కేలా చేసి, 390 దగ్గర కట్టేసి, పైదాకా దాన్ని వీలైనంత నిలబెట్టాడు. రోలర్ల మీద చివరికి తేలింది 285. మొదటివాడు చెప్పిన దానికంటే తక్కువ. బండి మాత్రం ఇదే వేగంగా అనిపిస్తుంది, రెండో గేర్లో ముందు చక్రాలు ఊరికే గిర్రున తిరగడం లేదు కదా. అన్నట్టు రోలింగ్ రోడ్డు అంకెల్ని ఒకదానితో ఒకటి పోల్చకు. చక్రాల దగ్గర కొలిచి, మధ్యలో పోయింది ఇంతని లెక్కగట్టి కలుపుతారు. ఒక్కో షెడ్డు ఒక్కో ఉదారత. అదే రోలర్ల మీద ముందూ వెనకా తీసిన రెండు గీతలే నమ్ము.

ఇన్సూరెన్సు వాళ్ళకి చెప్పా. ప్రీమియం పెరిగింది. కావాలని దాచిపెట్టి దొరికితే ఇక్కడ పాలసీనే రద్దు చేయొచ్చు. స్టేజ్ 2 అంటే డౌన్‌పైపు (టర్బో నుంచి పొగ బయటికెళ్ళే గొట్టం), క్యాటలిస్టు (ఆ పొగని శుభ్రం చేసేది) జోలికెళ్ళాలి, క్యాటలిస్టు పీకేస్తే ఏటా జరిగే ఎంఓటీ పరీక్ష తప్పుతుంది. అది నాకొద్దు.

ఇక నీ పోలో. 1.0 టీఎస్ఐ, 110 గుర్రాలు, 175 న్యూటన్ మీటర్లు, ఆరు గేర్ల మాన్యువల్. నీ గేర్‌బాక్స్ పేరు ఎంక్యూ200, ఆ 200 అనేది అది మోయడానికి కంపెనీ అనుకున్న టార్కే. యూరప్‌లో ఇదే కుటుంబం ఇంజన్‌కి ఫోక్స్‌వ్యాగనే 200 ఇచ్చి అమ్మింది. కాబట్టి నీకెవడైనా 240 అంటే దణ్ణం పెట్టి లేచి రా. 200, మహా అయితే ఇంకొంచెం, అదీ 2,000 దాటాక. అయిదో గేర్లో, ఆరో గేర్లో 1,500 దగ్గర నేలకి తొక్కే అలవాటు నీకుంది, ముందది మానుకో. చిన్న టర్బో ఇంజన్లు పిస్టన్లు పగలగొట్టుకునేది సరిగ్గా అక్కడే, స్పార్క్ పడకముందే మంట అంటుకుంటుంది.

పెట్రోలు సంగతి నువ్వే తేల్చుకోవాలి. తెనాలిలో ఎక్స్‌పీ95, అదే 95 ఆక్టేన్ పెట్రోలు, రోజూ దొరుకుతుందా? శ్రీశైలం వెళ్తే దారిలో ఏది దొరికితే అది పోస్తావు కదా? అయితే మామూలు పెట్రోలుకి రాసిన మ్యాపే అడుగు, గుర్రాలు తగ్గితే తగ్గనీ. బూస్ట్ సెన్సర్‌ని మోసం చేసే ఆ చిన్న డబ్బాలు మాత్రం కొనకు. స్పార్క్ టైమింగ్ సంగతి వాటికేం పట్టదు. ఒరిజినల్ ఫైలు ఒక కాపీ నీ దగ్గర పెట్టుకో. షోరూంవాడు సర్వీసులో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాడంటే నీ మ్యాప్ ఎగిరిపోతుంది, డబ్బులు గోవిందా. మ్యాప్ రాసినవాడు మళ్ళీ ఊరికే ఎక్కిస్తాడో లేదో ముందే అడుగు.

ఇవన్నీ తర్వాత. ప్లగ్గులు మార్చి ఎన్నాళ్ళయిందో చూసి, ఇప్పుడున్న కంపెనీ మ్యాప్ మీదే మూడో గేర్లో ఒక లాగ్ తియ్యి. పొద్దున్నే, బైపాస్ ఖాళీగా ఉన్నప్పుడు, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని. ఫోన్‌తో పనిచేసే ఓబీడీ డాంగిల్ చాలు. ఆ ఫైలు నాకు పంపు, ముసలాయనకి చూపిస్తా. ఆయన ఉచితంగా చూడడు, ఈసారి వచ్చేటప్పుడు మీ అమ్మగారి మాగాయ ఒక సీసా పట్రా. పోయినసారి నాది సగం ఆయనే తినేశాడు.

నీ
రవి