పిల్లల పేజీల ఒక 4 తప్పిపోయింది సార్

ఎడిటర్ సార్‌కు నమస్తే,

మాది మిర్యాలగూడ, రైస్ మిల్లుల గుమస్తాగ పనిచేస్తా. పోయిన ఆదివారం మీ పిల్లల పేజీల చదరంగం గళ్ల కథ వేసిన్రు, మొదటి గడిల ఒక్క వడ్ల గింజ, తర్వాతదాంట్ల రెండు, ఆ తర్వాత నాలుగు, అట్ల 64 గళ్ల దాంక డబుల్ చేసుకుంట పోవుడు. కథ మంచిగున్నది గానీ కింద వేసిన మొత్తంల ఒక 4 ఎగిరిపోయింది. మా బిడ్డ ఎనిమిదో తరగతి, స్కూల్ల గణిత దినోత్సవానికని గదే నంబర్ చార్ట్ మీద స్కెచ్ పెన్నుతోని రాసుకున్నది.

అసలు నంబర్ 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు. మీ పేపర్ల పందొమ్మిదే ఉన్నయి, కామాలు గూడ లేవు. ఒక అంకెనే కదా అనుకోవద్దు సార్, మా దగ్గర గట్ల రాస్తే పది లారీల లోడు ఒక్క లారీ అయితది.

నేను ఎట్ల పట్టుకున్ననంటే, మొదటి రెండు గళ్లు కలిపితే 3, తర్వాతి రెండు 12, ఆ తర్వాతి రెండు 48, ఏ జత తీసుకున్నా 3తోని శేషం లేకుంట పోతది, 32 జతలు గాబట్టి మొత్తం గూడ పోవాలె, అంటే అంకెలు కూడితే వచ్చేది గూడ 3తోని పోవాలె. మీరు వేసినదాని అంకెలు కూడితే 83. పోదు. ఆ 4 పెట్టి కూడితే 87, పోతది. గిట్లనే నాలుగేసి గళ్లు కూడితే 15 కాబట్టి మొత్తం 5తోని గూడ పోతది, ఎనిమిదేసి కూడితే 255 కాబట్టి 17తోని గూడ పోతది. ఇంకా 257, 641, 65537, 6700417, పైన చెప్పిన 3, 5, 17తోని కలిపి ఈ ఏడు ప్రధాన సంఖ్యల్ని గుణిస్తే సరిగ్గ గా నంబరే వస్తది. దీంట్ల 641 సంగతి నాకు శాన ఇష్టం. 429 కోట్ల 49 లక్షల 67 వేల 297 ప్రధాన సంఖ్యనే అనుకున్నడు గణిత పండితుడు ఫెర్మా, అంత పెద్దాయన. కాదు, 641తోని పోతదని 1732ల ఇంకో గణిత పండితుడు ఆయిలర్ చూపెట్టిండు. మొదటి సగం బోర్డు గింజల్ని ఈ 429 కోట్ల నంబర్‌తోనే గుణిస్తే మొత్తం బోర్డు లెక్క వస్తది.

రాత్రి నేనూ బిడ్డా చాప మీద కూసోని వెయ్యి గింజలు లెక్కపెట్టినం, తెలిసినోళ్ల బంగారం కాంటా మీద పెడితే 20 గ్రాములు తూగినయి. కిలోకు 50 వేలు. గా లెక్కన మొత్తం 36 వేల కోట్ల టన్నులు దాటుతది, ప్రపంచం అంత కలిపి ఏడాదికి పండేదే 75, 80 కోట్ల టన్నుల వడ్లు, అంటే 400 ఏండ్ల పంట గూడ సాలదు. "నాయినా, మన మిల్లు ఎన్నేండ్లు నడవాలె" అని అడిగింది బిడ్డ, ఇంకా ఆ లెక్క చేస్తనే ఉన్నది.

వచ్చే ఆదివారం సరైన నంబర్ కామాలతోని వేయున్రి సార్, పక్కన ఆ 3 లెక్క గూడ వేస్తే పిల్లలు సొంతంగ చెక్ చేసుకుంటరు. మా బిడ్డ చార్ట్ మీద పాత నంబర్‌కు తెల్ల కాగితం అతికించి జాగ పెట్టుకున్నది, మీ పేపర్ల వచ్చినంకనే రాస్తదట.

మీ పాఠకుడు,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా