కూల్చే ముందు పదిహేను రోజులు గడువివ్వండి

సంపాదకుల వారికి,

అయ్యా,

విజయనగరంలో పాత సినిమా హాళ్లు ఒక్కొక్కటిగా మూతపడి కనుమరుగవుతున్నాయి. డ్రాయింగు మాస్టారుగా పనిచేసి రిటైరైన నేను, కొన్నేళ్లుగా ఆ హాళ్ల ముందు కూర్చుని నీటిరంగులతో వాటి బొమ్మలు వేస్తున్నాను.

ఫొటో తీస్తే సరిపోదా అని చాలామంది అడుగుతుంటారు. ఫొటోకు క్షణం చాలు. బొమ్మకైతే నాలుగైదు రోజులు ఒకే చోట కూర్చోవాలి, అలా కూర్చున్నప్పుడే హాలు సంగతులు తెలిసినవాళ్లు వచ్చి పక్కన నిలబడతారు. ఒకసారి, అక్కడే ఆపరేటరుగా పనిచేసిన పెద్దాయన నా బొమ్మ చూసి, నేను వట్టి గోడగా వేసిన చోట ఒకప్పుడు నేల టిక్కెట్ల కిటికీ ఉండేదని చెప్పారు. వెళ్లి చూస్తే, పెచ్చులూడిన సున్నం కింద ఇటుకలతో మూసేసిన కిటికీ అంచు కనిపించింది. ప్రొజెక్టరు గది కప్పు మీది గొట్టం, వెలుగు కోసం కార్బన్ కడ్డీలు మండించి సినిమా ఆడించిన రోజుల్లో పొగ, వేడి బయటికి పోవడానికి పెట్టినదని కూడా ఆయనే చెప్పారు. పైడితల్లి అమ్మవారి జాతరలో తొలేళ్ల రాత్రి పల్లెల నుంచి వచ్చినవాళ్లు సెకండ్ షో చూసి, తెల్లవార్లూ ఆ హాలు మెట్ల మీదే పడుకుని, మర్నాడు సిరిమాను ఊరేగింపు చూసి ఇళ్లకు వెళ్లేవారట. ఇవన్నీ తెలిశాక నేను ఆ బొమ్మను మళ్లీ మొదటి నుంచి వేశాను.

యజమానులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నష్టానికి హాలు నడపమని ఎవరినీ అడగలేము. అయితే మొన్న ఒక హాలు బొమ్మ సగంలో ఉండగానే, నాలుగో రోజు ఉదయం వెళ్లేసరికి కూల్చే యంత్రం హాలు ముందు భాగాన్ని నేలమట్టం చేసేసింది. బాల్కనీ మెట్లు వేయవలసిన చోట నా కాగితం తెల్లగానే మిగిలిపోయింది.

1892లో ‘కన్యాశుల్కం’ తొలిసారి ప్రదర్శించిన ఊరు మనది. అంట్యాకుల పైడిరాజు గారు చిత్రకళ నేర్పిన ఊరు కూడా ఇదే. ఆనాటి నాటక వేదిక ఎలా ఉండేదో, జనం ఎక్కడ కూర్చునేవారో ఈనాటి పిల్లలు అడిగితే మాటల్లో చెప్పడం ఎంత కష్టమో నాకు అనుభవమే. సినిమా హాళ్ల విషయంలో ఆ ఇబ్బంది రాకుండా చూసుకునే అవకాశం మనకింకా ఉంది.

కాబట్టి పాత హాలును పడగొట్టడానికి దరఖాస్తు వచ్చినప్పుడు, యజమానిని ఒప్పించి పదిహేను రోజులు గడువు తీసుకుని, చిత్రకారులనూ డ్రాయింగు విద్యార్థులనూ లోపలికి అనుమతించేలా నగరపాలక సంస్థ ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. అక్కడ పనిచేసిన గేటు కీపర్లను, ఆపరేటర్లను కూడా ఆ రోజుల్లో పిలిపించాలి. వాళ్లు పక్కన లేకపోతే ఏది ఎక్కడుండేదో మాకు తెలియదు. అలా వేసిన బొమ్మలకు పౌర గ్రంథాలయంలో ఒక గోడ కేటాయిస్తే చాలు. నా దగ్గరున్న పద్నాలుగు బొమ్మలనూ, సగంలో ఆగిన ఆ ఒక్కదానితో సహా, ఉచితంగా ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత డ్రాయింగు ఉపాధ్యాయుడు,
విజయనగరం